ఎడమ పక్కనే పోతే చాలునా?



పోయిన నెల ఈ శీర్షికలో పొలం గట్ల మీద పాముకాటు గురించి వ్రాశాము. ఈ నెల సైకిలు గురించి వ్రాస్తున్నాము. "సైకిలు గురించి వ్రాయడానికి ఏమున్నదండీ అయ్యగారూ? తొక్కడం రాని పిల్లవాడు మన ఊళ్లలో ఉన్నాడా?" అని మీలో కొందరు అనుకోవచ్చును. మేము కూడా అలాగే అనుకునేవారము. 2023 జూలై నెలలో ఒక ఉదయం జరిగిన సంగతి మా ఆలోచనను మార్చివేసింది. అందుకే ఇది వ్రాస్తున్నాము. దయచేసి ఇంట్లో సైకిలు తొక్కే పిల్లలను, మోటారు బండి నడిపే పెద్దలను కూడా పక్కన కూర్చోబెట్టుకొని చదవండి.

మా పల్లె నుండి హైస్కూలుకు సుమారు మూడు కిలోమీటర్లు. అందులో ఒక కిలోమీటరు దూరం హైవే అంచున పోవాలి. మధ్యలో ఎడమచేతి వైపుకు పక్క ఊరి రోడ్డు చీలుతుంది. ఎదురు వైపు నుండి వచ్చే బండ్లు ఆ ఊరి రోడ్డులోకి తిరగడానికి వీలుగా అక్కడ డివైడరుకు సందు కూడా విడిచిపెట్టారు. ఆ చోటును మా వారందరూ అడ్డరోడ్డు అంటారు. ఒక మూల టీ కొట్టు, ఒక మూల పంక్చర్ల షాపు, మధ్యలో ఆగిన ఆటోలు. మన రాష్ట్రములో ఇటువంటి అడ్డరోడ్లు ఎన్ని ఉన్నవో లెక్కపెట్టలేము.

ఆ ఉదయం మా సంఘములోని ఒక తాపీ మేస్త్రి కుమార్తె, తొమ్మిదవ తరగతి చదువుతున్న బిడ్డ, సైకిలు మీద బడికి పోతున్నది. అడ్డరోడ్డుకు కొంచెము ముందు ఒక కారు వెనుక నుండి వచ్చి ఆమెను దాటింది. దాటిన వెంటనే వేగము తగ్గించి ఎడమకు, పక్క ఊరి రోడ్డులోకి తిరిగింది. బిడ్డ నేరుగా పోతున్నది గదా, ఆమెకు దారి లేకుండా పోయింది. కారు తలుపుకు కొట్టుకొని పడిపోయింది. మోకాలి కింద ఎముక విరిగింది. ప్రాణము దక్కింది.

ఆ కారు నడిపిన మనిషి తాగి లేడు. అతి వేగముతోనూ రాలేదు. కుటుంబముతో పెండ్లికి పోతున్న పెద్దమనిషి. బిడ్డను ఆసుపత్రికి తీసుకొని వచ్చింది కూడా ఆయనే. వరండాలో తల పట్టుకొని కూర్చొని ఆయన మాతో ఒక్క మాటే పదే పదే అన్నాడు: "అమ్మాయిని దాటేశాను గదండీ. వెనకెక్కడో ఉండిపోయిందనుకున్నానండీ."

నాలుగు రోజుల తరువాత మేమూ, మా ఇంట్లోవారూ ఆ బిడ్డను చూడబోయాము. కాలికి సిమెంటు కట్టు వేసి ఉన్నది. మంచము పక్కన నిలబడిన తండ్రి, "ఇక బడి మాన్పించేస్తానండీ అయ్యగారూ. అవిటిదైపోతే రేపు దీన్ని ఎవరు చేసుకుంటారండీ? చదివిన కాడికి చాలు" అన్నాడు. మేము ఆయనకు ఏదో సర్ది చెప్పబోతుండగా బిడ్డ మా వైపు చూచి, "నేను ఎడం పక్కనే వెళ్తున్నానండీ అయ్యగారండీ. మీరు సండే స్కూల్లో చెప్పినట్టే. తెల్ల గీత కూడా దాటలేదండీ. ఇంకెటు పక్కన వెళ్లాలండీ?" అని అడిగింది.

మా దగ్గర జవాబు లేదు. నిజమే, ప్రతి ఏడు బడులు తెరిచే ముందు ఆదివారం నాడు పిల్లలను నిలబెట్టి, "ఎడమ పక్కనే పొండి, అంచునే పొండి" అని మేమే చెబుతాము. ఆ బిడ్డ ఆ మాట తప్పలేదు. అయినా దెబ్బ తగిలింది. అంటే మేము చెప్పిన మాటలో ఏదో తక్కువ ఉన్నది. ఆ తక్కువేమిటో తెలుసుకోకుండా మరుసటి ఆదివారం ఆ పిల్లల ముందు నిలబడడానికి మాకు మనసు ఒప్పలేదు.

అడ్డరోడ్డు దగ్గర ఒక ఉదయం

మా సంఘ పెద్దలలో ఒకరు ముప్పై ఏండ్లు లారీ తోలి మానుకున్నవారు. ఆయనను వెంటబెట్టుకొని ఒక ఉదయం అడ్డరోడ్డు టీ కొట్టు దగ్గర గంటన్నర కూర్చున్నాము. ఎన్నో ఏండ్లుగా ఆ దారినే పోతున్నాము గాని, ఆ చోటును నిజముగా చూచింది ఆ రోజే.

పెద్దాయన చెప్పిన మొదటి మాట ఇది: "అయ్యగారూ, తిన్నని రోడ్డు మీద ఎడమ అంచు మంచి చోటేనండి. కానీ మలుపు దగ్గర ఆ అంచు సైకిలువాడి సొంతం కాదండి. ఎడమకి తిరిగే ప్రతి బండికీ అదే దారండి."

ఆలోచించి చూడండి. ఎడమకు తిరగబోయే బండి రోడ్డు ఎడమ అంచుకు వీలైనంత దగ్గరగా జరిగి తిరగాలని మోటారు వాహనాల నిబంధనలే చెబుతున్నవి. అంటే మన బిడ్డ ఏ అంచును నమ్ముకొని పోతున్నదో, కారు ఆ అంచు మీదికే రావాలి. తిన్నని రోడ్డు మీద కాపాడే చోటే మలుపు దగ్గర ప్రమాదమైన చోటు అవుతున్నది. మేము పిల్లలకు చెప్పనిది ఇదే.

మరి ఆ పెద్దమనిషికి బిడ్డ ఎందుకు కనబడలేదు? దానికీ కారణము ఉన్నది. మామూలుగా తొక్కే సైకిలు గంటకు పదిహేను కిలోమీటర్లు పోతుందనుకుంటే, సెకనుకు నాలుగు మీటర్లు పోయినట్లు. కారు దాన్ని దాటినప్పుడు డ్రైవరు మనస్సులో ఆ సైకిలు వెనుకబడిపోయినట్లే. కాని మలుపు తిరగాలంటే కారు వేగము తగ్గించక తప్పదు. అది వేగము తగ్గించే ఆ మూడు నాలుగు సెకన్లలో సైకిలు పదిహేను మీటర్లు ముందుకు వచ్చి, మళ్లీ కారు ఎడమ తలుపు పక్కకే చేరుతుంది. డ్రైవరు చూపు అప్పుడు తాను తిరగబోయే రోడ్డు మీద ఉంటుంది. ఎడమ అద్దములోకి ఒక్కసారి చూడకపోతే చాలు, బిడ్డ ఉన్నట్లే తెలియదు.

మేము అక్కడ కూర్చున్న ఆ గంటన్నరలోనే ఇటువంటిది మా కళ్లముందే రెండు మూడు సార్లు జరగబోయి తప్పిపోయింది. ఇండికేటరు వేసి తిరిగిన బండ్లు తక్కువ, వేయకుండా తిరిగినవి ఎక్కువ. ఆటోవారైతే చెయ్యి బయట పెట్టడమో, కాలు చాపడమో చేసి అప్పటికప్పుడే తిప్పేస్తున్నారు.

నాలుగు విధాల మలుపులు

ఆ ఉదయము చూచినదాన్ని, పెద్దాయన చెప్పినదాన్ని కలిపి నాలుగు విధాలుగా వ్రాస్తున్నాము. పిల్లలు ఈ నాలుగూ గుర్తుపెట్టుకోవాలి.

మొదటిది, వెనుక నుండి దాటి ఎడమకు తిరిగే కారు. మన బిడ్డకు జరిగింది ఇదే. అడ్డరోడ్డు ఇంకా యాభై గజాల దూరములో ఉండగానే తొక్కడము తగ్గించి, చేతివేళ్లు బ్రేకుల మీద పెట్టుకోవాలి. ఒకసారి కుడి భుజము మీదుగా వెనక్కి చూడాలి. ఏదైనా బండి మనలను దాటి మలుపు దగ్గర నెమ్మదించినదంటే, ఇండికేటరు వేసినా వేయకపోయినా, అది తిరుగుతుందనే అనుకోవాలి. దాని పక్కకు పోకుండా వెనుకనే ఆగాలి. అది తిరిగి వెళ్లిపోయిన తరువాత పోవచ్చును. పోయేది నాలుగు సెకన్లే.

రెండవది, ఆగి ఉన్న బండ్ల పక్కన సందు. రైలు గేటు దగ్గర, సిగ్నలు దగ్గర లారీలు, బస్సులు వరుసగా ఆగి ఉంటాయి. ఎడమ పక్కన సన్నని సందు ఉంటుంది. సైకిలువారికి అది దేవుడిచ్చిన దారిలా కనబడుతుంది. దయచేసి అందులో దూరవద్దు. లారీ కదిలి ఎడమకు తిరిగిందంటే ఆ సందు మూసుకొనిపోతుంది. లారీ వెనుకనే నిలబడండి. దీని గురించి ఇంకా చెప్పవలసినది ఉన్నది, కింద వ్రాస్తాము.

మూడవది, ఎదురుగా వచ్చి కుడికి తిరిగే కారు. డివైడరు సందులో నుండి మన ముందుకు అడ్డముగా వచ్చేది ఇదే. ఆ డ్రైవరు మన వైపు నుండి వచ్చే పెద్ద బండ్లను చూచుకుంటాడు. బస్సు పోయింది, లారీ పోయింది, ఖాళీ దొరికింది అనుకొని తిప్పుతాడు. ఆ బస్సు చాటున వస్తున్న సైకిలు ఆయన లెక్కలో ఉండదు. గనుక పెద్ద బండి నీడలో, దాని వెంటే మలుపు దాటవద్దు. అది పోయిన తరువాత అవతల ఏమున్నదో కళ్లారా చూచి దాటాలి. మరొక మాట. ఎదుటివాడు హెడ్‌లైటు చిమ్మినాడంటే "నీవు పో" అని చెబుతున్నాడని అనుకోవద్దు. మన రోడ్ల మీద చాలా సార్లు దానికి "నేను వస్తున్నాను, నీవు ఆగు" అని అర్థము.

నాలుగవది, పక్క రోడ్డులో నుండి హైవే మీదికి ఎక్కే కారు. ఆ డ్రైవరు కుడి వైపుకే చూస్తాడు, ఎందుకంటే బండ్లు వచ్చేది అటు నుండే. ఎడమ వైపు నుండి ఎవరైనా వస్తారని అతడు అనుకోడు. కాని మనవారు డివైడరు సందు దాకా పోయి తిరిగి రావడము దూరమని, హైవే మీద ఎదురు దారిలో వస్తుంటారు. మన సంఘాలలోని పెద్దలు కూడా వస్తారు. పిల్లలు చూచి నేర్చుకుంటారు. అలా వచ్చేవారికి పక్క రోడ్డు నుండి ఎక్కే బండి నేరుగా మీదికే వస్తుంది. అర కిలోమీటరు కలిసి వస్తుందని అలా రాకండి. తప్పనిసరి అయితే సైకిలు దిగి, రోడ్డు విడిచి, మట్టి మీద నడిపించుకొని రండి.

ఇక మనమే కుడికి తిరగవలసి వస్తే? నాలుగు వరసల రోడ్డు మీద మధ్యకు జరిగి, చెయ్యి చాపి తిరగడము పిల్లలు చేయదగిన పని కాదు. అడ్డరోడ్డు దాకా ఎడమ పక్కనే పోయి, దిగి, నిలబడి, నడిచి దాటాలి. ఒక వైపున రెండు వరసలు కలిపి సుమారు ఏడు మీటర్లు. సైకిలు నడిపించుకొని దాటడానికి ఆరు సెకన్లు పడుతుంది. గంటకు ఎనభై కిలోమీటర్ల వేగముతో వచ్చే కారు ఆ ఆరు సెకన్లలో నూట ముప్పై మీటర్లు వస్తుంది. అంటే దూరముగా ఎక్కడో ఉన్నదనుకున్న కారు మనము రోడ్డు దాటేలోపు మన దగ్గరకు వచ్చేస్తుంది. గనుక ముందు సగము దాటి, డివైడరు దగ్గర ఆగి, మళ్లీ చూచి మిగిలిన సగము దాటాలి.

కొబ్బరి బోండాల పాఠము

ఇవన్నీ చెబితే పిల్లలు వింటారు గాని నమ్మరు. అందుకని 2024 మే నెలలో, సెలవుల బైబిలు తరగతులు ముగిసిన సాయంకాలము, మందిరము ఆవరణలో ముగ్గు పిండితో ఒక అడ్డరోడ్డు గీశాము. మా పెద్దాయన అడిగితే ఒక రైతు తన ట్రాక్టరును, వెనుక ట్రక్కుతో సహా తీసుకొని వచ్చాడు. మలుపు లోపలి వైపున, ఎడమ అంచు వెంట, తాగి పారేసిన కొబ్బరి బోండాలు వరుసగా పేర్చాము. "ఇవి సైకిళ్లు అనుకోండి. ట్రాక్టరు వీటిని తొక్కుతుందా, తొక్కదా?" అని అడిగాము. "తొక్కదు" అన్నారు పిల్లలందరూ, ఎందుకంటే మధ్యలో చాలా ఎడము ఉన్నది.

ట్రాక్టరు ఎడమకు తిరిగింది. ముందు చక్రాలు బోండాలకు దూరముగానే పోయినవి. పిల్లలు చప్పట్లు కొట్టారు. అంతలో ట్రక్కు చక్రము లోపలికి కోసుకొని వచ్చి, ఆ వరుసలోని బోండాలను ఒక్కొక్కటిగా నలిపివేసింది. చప్పట్లు ఆగిపోయినవి. ఏ పొడుగు బండి అయినా అంతే. తిరిగేటప్పుడు వెనుక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, మలుపు లోపలి వైపుకు జరిగి వస్తాయి. ముందు చక్రము తప్పిపోయింది గదా అని సంతోషించేలోపు వెనుక చక్రము వస్తుంది. లారీ పక్క సందులో దూరవద్దని పైన వ్రాసింది ఇందుకే.

మరునాడు ఊళ్లో ఆగి ఉన్న ఒక లారీలోకి పిల్లలను ఒక్కొక్కరిగా ఎక్కించి డ్రైవరు సీటులో కూర్చోబెట్టాము. ఇంజను తాళము పెద్దాయన జేబులోనే ఉన్నది. ఎడమ ముందు చక్రము పక్కన మరొక పిల్లవాడు సైకిలుతో నిలబడ్డాడు. "వాడు కనబడుతున్నాడా?" అంటే, "లేదండీ, ఎక్కడున్నాడండీ?" అన్నవారే అందరూ. లారీ ముందు, అద్దము కింద దగ్గరగా నిలబడినవాడు కూడా కనబడలేదు. ఒక చిన్నవాడు కిందికి దిగి వచ్చి, "లారీకి కళ్లు పైనుంటాయి, మనం కిందుంటాం అయ్యగారండీ" అన్నాడు. మేము చెప్పగలిగినదానికంటె అది మంచి పాఠము.

ఇది మన పల్లెల సంగతి మాత్రమే కాదు. లండను నగరములోనూ మనలాగే ఎడమ పక్కన నడుపుతారు. అక్కడా ఎడమకు తిరిగే లారీల కింద సైకిలువారు నలిగిపోతుంటే, డ్రైవరు సీటులో నుండి చుట్టుపక్కల ఎంత మేరకు కనబడుతుందో కొలిచి, దాన్నిబట్టి పెద్ద లారీలకు అనుమతి ఇచ్చే పద్ధతిని 2021 నుండి అమలు చేస్తున్నారు. మన దగ్గర ఆ కొలత లేదు. గనుక మన జాగ్రత్త మనమే పడాలి.

పిల్లలకు ఇప్పుడు మేము చెప్పే మాట ఇది: "మలుపు దగ్గర బండి పక్కన ఉండకు. వెనకన్నా ఉండు, లేదా కనబడేంత ముందన్నా ఉండు." దీనికి తోడు రెండు చిన్న గుర్తులు. కారు ముందు చక్రాన్ని చూడండి. ఇండికేటరు అబద్ధము చెప్పవచ్చు గాని చక్రము చెప్పదు. అది ఎటు తిరిగితే కారు అటే పోతుంది. రెండవది, డ్రైవరు ముఖము చూడండి. ఆయన కళ్లు మీ కళ్లను కలిసినప్పుడే మీరు కనబడినట్లు. కలవకపోతే ఆగిపొండి.

ఇంటి దగ్గర చూచుకోవలసినవి

తలిదండ్రులారా, బిడ్డను ప్రార్థన చేసి బడికి పంపుతాము, మంచిదే. బ్రేకు బిగించి కూడా పంపుదాము. పుస్తకాల సంచి, క్యారేజీ హ్యాండిలుకు తగిలించవద్దు. బ్రేకు పట్టే వేళకు హ్యాండిలు తిరగదు. వాటిని వెనుక క్యారియరుకు కట్టండి. వానలో రిమ్ము తడిస్తే బ్రేకు ఆలస్యముగా పడుతుంది. వాన రోజుల్లో ఇంకా ముందుగానే వేగము తగ్గించుకోవాలి. అన్న సైకిలు తమ్ముడికి ఇస్తే సీటు దించి ఇవ్వండి. కాలు నేలకు అందని పిల్లవాడు మలుపు దగ్గర ఆగడానికి ఇష్టపడడు.

వెనుక మడ్‌గార్డు మీద ఎర్ర రిఫ్లెక్టరు, పెడళ్లకూ చక్రాలకూ మెరిసే ముక్కలు ఉన్నవో లేవో చూడండి. ఊడిపోతే సైకిలు షాపులో కొద్ది డబ్బులకే వస్తాయి. డిసెంబరు, జనవరి నెలల్లో మంచు దిగిన ఉదయాలలో ముదురు రంగు స్వెట్టరు వేసుకొన్న బిడ్డ కారు దగ్గరకు వచ్చేదాకా కనబడదు. పైన తెల్లని చొక్కా వేయండి. చెవుల్లో ఫోను తీగలు పెట్టుకొని తొక్కనివ్వవద్దు. వెనుక వచ్చే బండిని చెవే ముందు పసిగడుతుంది. ఇద్దరు ముగ్గురు పక్కపక్కనే మాట్లాడుకుంటూ పోవద్దని చెప్పండి.

కారు నడిపే సహోదరులకు

ఇంతవరకు పిల్లలకే చెప్పాము. కాని తప్పంతా సైకిలువాని నెత్తిన పెట్టడము న్యాయము కాదు. ఇనుప డబ్బాలో కూర్చున్నవానికి గీత పడుతుంది, సైకిలు మీద ఉన్నవానికి ఎముక విరుగుతుంది. ఎక్కువ జాగ్రత్త ఎక్కువ బలము ఉన్నవానిదే. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారము 2022వ సంవత్సరములో మన దేశములో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయారు. చెడ్డవారు చేసిన ప్రమాదాలే కావు ఇవన్నీ. ఒక్క చూపు తక్కువైనవారు చేసినవి కూడా ఉంటాయి.

మా సంగతి కూడా ఒప్పుకుంటాము. ఆ బిడ్డకు కట్టు విప్పిన నెలలోనే, సంఘము వారి పాత కారులో ఒక రోగిని చూడబోతూ, మేమే ఒక పాలవాని సైకిలును దాటి ఎడమకు తిప్పబోయాము. పక్కన కూర్చున్న పెద్దాయన "ఆగండయ్యగారూ!" అని కేక వేయకపోతే ఆ పాలక్యాన్లు మా చక్రాల కింద ఉండేవి. అన్నీ తెలిసినవారమే గదా! తెలిసినంత మాత్రాన చెయ్యి అలవాటు మానుకోదు.

గనుక ఒక్క నియమము పెట్టుకోండి. మలుపు దగ్గరలో ఉన్నప్పుడు సైకిలును దాటవద్దు. దాని వెనుకనే నెమ్మదిగా పొండి, అది మలుపు దాటిపోయిన తరువాత తిరగండి. చాలా ముందుగా ఇండికేటరు వేయండి. స్టీరింగు తిప్పే ముందు ఎడమ అద్దములో చూచి, ఆ తరువాత మెడ తిప్పి కిటికీలో నుండి కూడా చూడండి. ముందు అద్దానికీ తలుపుకూ మధ్యనున్న కమ్మీ చాటున ఒక సైకిలు పూర్తిగా దాగిపోగలదు. తల కొంచెము ముందుకు, వెనక్కు జరిపి చూస్తే కనబడుతుంది.

మరొక సంగతి వ్రాయడానికి సిగ్గుగా ఉన్నది. అడ్డరోడ్డు మూలన తుమ్మ చెట్ల చాటుకు తోడు ఒక పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉన్నది. పక్క రోడ్డు నుండి వచ్చే డ్రైవరుకు హైవే మీద సైకిళ్లు కనబడకుండా అడ్డుపడుతున్నది. అది ఎవరిదని చూస్తే మా సంఘ సభలదే! సభలు అయిపోయి నాలుగు నెలలైనా విప్పలేదు. ఆ రోజే విప్పించాము. పంచాయతీవారిని అడిగి తుమ్మ కొమ్మలు కొట్టించాము. మీ ఊరి మూలన కూడా ఒకసారి చూడండి.

ప్రమాదమే జరిగితే

108కు ఫోను చేయండి. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఈ అంబులెన్సు సేవ డబ్బు తీసుకోదు. పడినవారిని చేతులు పట్టి లాగి కూర్చోబెట్టవద్దు. మెడకో వెన్నుకో దెబ్బ తగిలి ఉంటే లాగడమే ఎక్కువ హాని చేస్తుంది. వెనుక వచ్చే బండ్లను ఆపండి. రక్తము కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకోండి. "మనకెందుకు, పోలీసు కేసవుతుంది" అని తొలగిపోవద్దు. 2016లో సుప్రీము కోర్టు, 2019లో మోటారు వాహనాల చట్ట సవరణ సాయపడినవారికి రక్షణ కల్పించినవి. మీ పేరు చెప్పమని కూడా ఎవరూ బలవంతపెట్టకూడదు.

ఇక ఆ బిడ్డ సంగతి. కట్టు విప్పిన తరువాత కూడా తండ్రి చాలా రోజులు ఒప్పుకోలేదు. మేము చదువు విలువ గురించి చెప్పిన మాటలేవీ ఆయనకు ఎక్కలేదు. చివరకు పెద్దాయన ఆయనను అడ్డరోడ్డు దగ్గరకు తీసుకొనిపోయి, టీ తాగించి, కారు ఎలా తిరుగుతుందో, బిడ్డ ఎక్కడ ఆగాలో చూపించాడు. ఆ మేస్త్రి గోడ కొలిచినట్లుగా ఆ చోటును కళ్లతో కొలిచి, "ఇక్కడ ఆగితే ఏ బండీ తగలదన్నమాట" అన్నాడట. మరుసటి సోమవారము తన పాత సైకిలు తీసి, బిడ్డ వెంట తానూ బడి దాకా తొక్కుకుంటూ పోయాడు. అలా పది రోజులు పోయి, పనికి ఆలస్యమవుతున్నదని మానుకున్నాడు. బిడ్డ మానలేదు. ఆ ఏడు తొమ్మిది, తరువాతి ఏడు పది కూడా పూర్తి చేసింది.

పదవ తరగతి చదువుతున్న రోజుల్లో ఒక ఉదయం మేము అటు పోతుండగా అడ్డరోడ్డు దగ్గర ఆమె కనబడింది. ఒక కాలు నేల మీద ఆనించి నిలబడి ఉన్నది. ఆమె వెనుక ఇద్దరు చిన్నపిల్లలు తమ సైకిళ్ల మీద ఆగి ఉన్నారు. ఒక కారు వారిని దాటి ఎడమకు తిరిగిపోయింది. ఆమె వెనక్కి చూచి వారికి తల ఊపింది. ముగ్గురూ ఒకరి వెనుక ఒకరు దాటి పోయారు.

ఈ వారము ఒక పని చేయండి. మీ బిడ్డను వెంటబెట్టుకొని, సైకిలు లేకుండా, మీ ఊరి అడ్డరోడ్డు దగ్గర అరగంట నిలబడండి. ఏ బండి ఎటు తిరుగుతున్నదో వాడితోనే చెప్పించండి. ఎక్కడ ఆగాలో వాడినే చూపించమనండి. ఒక్క అరగంట చాలు.

వచ్చే నెల, ఎండాకాలములో చెరువులకు, కాలువలకు ఈతకు పోయే పిల్లల గురించి వ్రాస్తాము. అంతవరకు సెలవు.